గిన్నె సరే, అందులో ఏం వండుతున్నారు?

"ఏ గిన్నెలు ఆరోగ్యానికి మంచివి?" అని ఎవరైనా అడిగితే నేను ముందు ఎదురు ప్రశ్న వేస్తాను. "అందులో ఏం వండుతారు?" అని. చాలామందికి ఇది నచ్చదు. వాళ్ళకి కావలసింది ఒక వరుస: మట్టి మొదటి ర్యాంకు, కంచు రెండు, ఇనుము మూడు, స్టీలు పాసు, అల్యూమినియం ఫెయిలు, నాన్‌స్టిక్ డిబారు. ఇలాంటి పట్టిక నెలకోసారైనా నా ఫోనుకి వస్తుంది, చివర "అందరికీ పంపండి" అన్న వేడుకోలుతో సహా. ఆ పట్టికే తప్పని నా వాదన. అన్నిటికీ పనికొచ్చే గిన్నె లేదు. అన్నిటికీ పనికిరాని గిన్నె కూడా దాదాపు లేదు, ఒక్క రకం తప్ప. ఆ ఒక్క రకం మాత్రం ఈ పట్టికల్లో ఎప్పుడూ కనిపించదు. దాని సంగతి చెప్పాలనే ఇదంతా రాస్తున్నాను.

నేనుండేది బహ్రెయిన్‌లో, బుదైయాలో. చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మా ఇంట్లో వంట సగం నాది, సగం మా ఆవిడది. గల్ఫ్‌లో ఉండే తెలుగువాళ్ళ వంటిల్లు ఒక్కసారిగా అమరదు. ఏడాదికోసారి ఊరెళ్ళి వచ్చేటప్పుడు సూట్‌కేసులో బట్టల మధ్య కుక్కి తెచ్చిన కడాయి ఒకటి, మనామా సూక్‌లో కొన్న పెనం ఒకటి, సూపర్ మార్కెట్లో "ఒకటి కొంటే ఒకటి ఉచితం" అని అంటగట్టిన ప్యాను ఒకటి, ఖాళీ చేసి వెళ్ళిపోతున్న స్నేహితుడు వదిలేసిన కుక్కరు ఒకటి. ఏది ఎక్కడ, దేనితో తయారైందో సగం వాటికి తెలియదు. అందుకే ఈ చర్చ మాకు ఇంకాస్త అవసరం.

మాది శ్రీకాకుళం జిల్లా. మా మామ్మ వంటింట్లో లోహశాస్త్రం ఎవరూ చదవలేదు. కానీ అక్కడ ఒక క్రమం ఉండేది. పులుసు కాగేది రాచ్చిప్పలో. చారు సత్తు గిన్నెలో. పాలు దాలి మీద మట్టికుండలో. పెరుగు పిడతలో. అన్నం కళాయి పెట్టిన ఇత్తడి గిన్నెలో. దోసె ఇనుప పెనం మీద. ఊరగాయ పింగాణీ జాడీలో. మజ్జిగ పొరపాటున ఇత్తడి చెంబులో పోస్తే "కిలుమెక్కిపోతుంది" అని కేకలేసేది. ఎందుకని అడిగితే చెప్పేది కాదు, చెప్పడానికి ఆవిడకి ఆ మాటలు లేవు. కారణం మాత్రం నాలుగు సంగతుల్లో ఇమిడిపోతుంది: పులుపు, ఉప్పు, వేడి, సమయం. చింతపండు, టమాటా, నిమ్మ, పెరుగు లాంటి పుల్లని పదార్థం లోహాన్ని కరిగిస్తుంది. ఉప్పు దానికి సాయం చేస్తుంది. వేడి ఆ పని తొందరపెడుతుంది. ఎంతసేపు అందులో ఉంచితే అంత ఎక్కువ దిగుతుంది. రాయి, మట్టి, పింగాణీ పులుపుతో పేచీ పెట్టుకోవు. పులుసుకి రాచ్చిప్పని ఎంచుకున్న వాళ్ళెవరో మనకి తెలియదు కానీ, ఎంపిక మాత్రం సరైనదే.

ఇదే సంగతి మన హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ కూడా చెప్పింది. 1918లో కూనూరులో చిన్న పరిశోధనశాలగా మొదలై 1958లో హైదరాబాద్‌కి వచ్చిన సంస్థ అది. 2024 మే నెలలో భారతీయుల కోసం విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో వంట పాత్రల గురించి కూడా రాశారు. చట్నీ, సాంబారు లాంటి పుల్లని పదార్థాలని అల్యూమినియం, ఇనుము, కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రల్లో వండడం, నిలవ ఉంచడం క్షేమం కాదని అందులో ఉంది. మట్టి పాత్రలు క్షేమమనీ, స్టీలు సాధారణంగా ఆహారంలోకి దిగదనీ చెప్పారు. జాగ్రత్తగా చూడండి, "అల్యూమినియం పారేయండి" అనలేదు. "అందులో సాంబారు పెట్టకండి" అన్నారు. ఈ రెండు మాటల మధ్య ఉన్న తేడా ఫోన్లలో తిరిగే సందేశాల్లో మాయమైపోతుంది.

అల్యూమినియంతోనే మొదలుపెడదాం, ఎందుకంటే అందరూ దాన్నే తిడతారు. బహ్రెయిన్‌లో ఉండి అల్యూమినియాన్ని తిట్టడం కూడా కొంచెం కష్టమే. ఇక్కడి 'ఆల్బా' కర్మాగారం 1971 నుంచి ఈ లోహం తీస్తోంది, ఇప్పుడు ఏడాదికి 15 లక్షల టన్నులకు పైగా. ప్రపంచంలోని అతి పెద్ద అల్యూమినియం కర్మాగారాల్లో అదొకటి. మన వైపు ఈ లోహం వంటింట్లోకి వచ్చిన కథ కూడా ఆసక్తిగానే ఉంటుంది. 1898 ప్రాంతంలో మద్రాసు స్కూల్ ఆఫ్ ఆర్ట్స్‌లో ఆల్ఫ్రెడ్ ఛాటర్టన్ అనే ఇంజినీరు అల్యూమినియంతో గిన్నెలు చేయించడం మొదలుపెట్టాడు. ఇత్తడి కంటే తేలిక, కళాయి బాధ లేదు. నూరేళ్ళలో పేదవాడి ఇంటి నుంచి పెళ్ళి వంటల దాకా అదే అయింది.

మనం తినే అల్యూమినియంలో ఒంటికి పట్టేది నూటికి ఒక వంతు కంటే తక్కువ. అది కూడా మూత్రపిండాలు బయటికి పంపేస్తాయి. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2008లో వారానికి, కిలో బరువుకి 1 మిల్లీగ్రాము దాకా ఫరవాలేదంది. ఐక్యరాజ్యసమితి సంస్థల నిపుణుల సంఘం 2011లో 2 మిల్లీగ్రాములు అంది. అంటే 60 కిలోల మనిషికి వారానికి 60 నుంచి 120 మిల్లీగ్రాములు. అల్యూమినియం గిన్నెలో వండితే మతిమరుపు జబ్బు వస్తుందన్న మాట ఇప్పటిదాకా రుజువు కాలేదు. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్ళు జాగ్రత్తగా ఉండాలన్నది మాత్రం నిజం, వాళ్ళకి బయటికి పోయే దారి మూసుకుపోతుంది కాబట్టి. అంచేత, అల్యూమినియం కుక్కరులో అన్నం, పప్పు పెట్టుకుంటే నాకు అభ్యంతరం లేదు. అందులో చింతపండు రసం పోసి పులుసు మరిగించి, మిగిలింది మర్నాటి దాకా అందులోనే ఉంచితే అభ్యంతరం ఉంది. గిన్నె లోపల నల్లబడి, తర్వాత పులుసు పెట్టగానే తళతళలాడితే మురిసిపోకండి. పోయిన ఆ పొర ఎక్కడికెళ్ళిందో ఆలోచించండి.

ఇక రాగి, ఇత్తడి. ఇప్పుడు వీటికి మళ్ళీ మంచి రోజులొచ్చాయి. శ్రీకాకుళం జిల్లా బుడితి ఇత్తడి, కంచు పనికీ, జనగామ దగ్గర పెంబర్తి ఇత్తడి పనికీ భౌగోళిక గుర్తింపు ఉంది. మా జిల్లా పేరు వింటే నాకూ ఛాతీ పొంగుతుంది. కానీ పాత రోజుల్లో ఇత్తడి గిన్నెతో పాటు వీధిలో "కళాయి పెడతాం" అని అరుచుకుంటూ వచ్చే మనిషి కూడా ఉండేవాడన్న సంగతి మరిచిపోకూడదు. కొలిమి పెట్టి, గిన్నె కాల్చి, నవాసాగరం చల్లి, తగరం ముక్క రుద్ది, గుడ్డతో తుడిచేవాడు. గిన్నె లోపల వెండిలా మెరిసేది. ఆహారానికీ ఇత్తడికీ మధ్య ఉన్న గోడ ఆ తగరమే. అది అరిగితే మళ్ళీ పెట్టించాల్సిందే. ఇవాళ ఆన్‌లైన్‌లో కొన్న ఇత్తడి కడాయికి కళాయి అరిగిపోతే బుదైయాలో కాదు, హైదరాబాద్‌లో కూడా పెట్టేవాడిని వెతుక్కోవాలి. గిన్నె తిరిగొచ్చింది, గిన్నెని కాపాడే మనిషి తిరిగి రాలేదు. కళాయి మనిషి లేని చోట ఇత్తడి వంటకి కాదు, దీపాల కుందులకి.

"పెద్దలు వాడారు కాబట్టి మంచిదే" అనేవాళ్ళకి ఒక సంగతి చెప్పాలి. ఒకప్పుడు మన దేశంలో పసిపిల్లల కాలేయం పాడైపోయే జబ్బు ఒకటి ఉండేది. డాక్టర్లు దానికి 'ఇండియన్ చైల్డ్‌హుడ్ సిరోసిస్' అని మన దేశం పేరే పెట్టారు. పిల్లల కాలేయాల్లో రాగి విపరీతంగా పేరుకుని ఉండేది. పుణెలో డాక్టర్లు వెతుకుతూ పోతే, కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రల్లో కాచి, నిలవ ఉంచిన పాలు చాలా చిన్న వయసులోనే పట్టడం దగ్గర తేలింది. 1983లో లాన్సెట్ పత్రికలో ఆ సంగతి ప్రచురించారు. తర్వాత పాలగిన్నెలు మారిన కొద్దీ జబ్బు కూడా అరుదైపోయింది. పాలు దాలి మీద మట్టికుండలో కాచిన మా మామ్మ, ఇత్తడి గిన్నెలో కాచిన పుణె వైపు మామ్మ, ఇద్దరూ పెద్దవాళ్ళే. పాతదనం ఒక్కటే సరిపోదు.

నాన్‌స్టిక్ దగ్గర భయం, నిజం బాగా కలగలిసిపోయాయి. టెఫ్లాన్ అని మనం పిలిచే పీటీఎఫ్ఈని 1938లో రాయ్ ప్లంకెట్ అనే రసాయన శాస్త్రవేత్త అనుకోకుండా కనిపెట్టాడు. అది దేనితోనూ కలవదు, అందుకే దోసె అంటుకోదు. పొరపాటున చిన్న పెచ్చు మింగినా ఒంటికి పట్టకుండా బయటికి పోతుంది. అసలు గొడవ దాని తయారీలో వాడిన పీఎఫ్ఓఏ అనే మరో రసాయనంతో. అమెరికాలో వెస్ట్ వర్జీనియాలోని పార్కర్స్‌బర్గ్ దగ్గర డ్యూపాంట్ ఫ్యాక్టరీ నుంచి అది తాగే నీళ్ళలోకి చేరింది. వేల మంది కేసులు వేశారు. 2017లో 67 కోట్ల డాలర్ల పైచిలుకు పరిహారంతో రాజీ కుదిరింది. పీఎఫ్ఓఏ మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని 2023లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చింది. అంటే నాన్‌స్టిక్ వల్ల ఎక్కువ నష్టపోయింది పెనం మీద దోసె వేసుకున్నవాళ్ళు కాదు, ఫ్యాక్టరీ పక్కన నీళ్ళు తాగినవాళ్ళు.

అలాగని పెనం అమాయకురాలేం కాదు. 260 డిగ్రీలు దాటితే ఆ పూత పాడవడం మొదలవుతుంది. 350 దాకా వెళితే విడిపోయి పొగలొస్తాయి. ఆ పొగ పీల్చిన మనిషికి జలుబు జ్వరంలా వస్తుంది. పంజరంలో చిలక ఉంటే చచ్చిపోతుంది. ఖాళీ పెనం పెద్ద మంట మీద పెట్టి ఫోను మాట్లాడుతూ ఉంటే ఆ వేడి రావడానికి నిమిషాలు చాలు. మన పోషకాహార సంస్థ ఇంకా జాగ్రత్తపడి 170 డిగ్రీలు దాటనివ్వొద్దంది. మన వంటకి ఇది పెద్ద ఇబ్బంది. పోపు, వేపుడు, దోసె అన్నిటికీ పెనం బాగా కాలాలి. కాలకపోతే దోసె దోసెలా రాదు. అంచేత నాన్‌స్టిక్ మన వంటకి పుట్టింది కాదు. కోడిగుడ్డు అట్టుకి, సన్న మంట మీద, చెక్క గరిటెతో అయితే సరే.

'పీఎఫ్ఓఏ ఫ్రీ' అన్న చీటీ చూసి నిశ్చింతగా ఉండకండి. ఆ ఒక్క రసాయనం వాడలేదని మాత్రమే దానర్థం. పూత పీటీఎఫ్ఈనే అయి ఉండవచ్చు. 'గ్రానైట్' అని చుక్కలు చుక్కలుగా అమ్మే ప్యాన్లలో చాలావాటికి గ్రానైట్ రంగే తప్ప రాయి లేదు, కింద ఉండేది అల్యూమినియం, పైన అదే పూత. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం ఈ జాతి రసాయనాలు కావాలని కలిపిన వంట పాత్రల అమ్మకాన్ని 2025 జనవరి 1 నుంచి ఆపేసింది. మనం అంత దూరం వెళ్ళక్కర్లేదు. గీతలు పడి, పెచ్చులూడిన ప్యాను దాచుకోకుండా ఉంటే చాలు.

స్టీలు గురించి చెప్పడానికి నాటకీయత ఏమీ లేదు, అదే దాని గొప్పతనం. 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉన్నదాన్ని 304 రకం అంటారు. క్రోమియం గాలి తగలగానే కంటికి కనపడని పొర కడుతుంది. గీత పడినా ఆ పొర మళ్ళీ కట్టుకుంటుంది. కొత్త గిన్నెలో టమాటా గంటలకొద్దీ ఉడికిస్తే కొంచెం నికెల్ దిగుతుంది కానీ, వండే కొద్దీ ఆ దిగడం తగ్గిపోతుందని 2013లో వచ్చిన ఒక పరిశోధన చూపించింది. నికెల్ పడనివాళ్ళు తప్ప మిగతావాళ్ళు దీని గురించి నిద్ర మానుకోనక్కర్లేదు. ఒక్క మాట, అయస్కాంతం పెట్టి స్టీలు మంచిదో కాదో చెప్పే పద్ధతిని నమ్మకండి. 304 రకానికి సాధారణంగా అయస్కాంతం అంటుకోదు నిజమే. నికెల్ తగ్గించి మాంగనీసు కలిపిన చవక 202 రకానికి కూడా అంటుకోదు. ఇండక్షన్ పొయ్యి కోసం మంచి గిన్నెకి అడుగున వేసే 430 రకానికి అంటుకుంటుంది. అంటే ఆ పరీక్షలో మంచిది ఫెయిలై, చవకది పాసవ్వచ్చు.

ఇనుము నాకిష్టమైన లోహం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. ఇథియోపియాలో పిల్లల మీద చేసి 1999లో ప్రచురించిన అధ్యయనంలో, ఇనుప పాత్రల్లో వండిన ఇళ్ళల్లోని పిల్లలకి అల్యూమినియం పాత్రల్లో వండిన ఇళ్ళవాళ్ళ కంటే రక్తం మెరుగుపడింది. వేపుళ్ళకి, దోసెలకి, చపాతీలకి ఇనుప మూకుడు, ఇనుప పెనం ఉంటే చాలు. పులుసు పెడితే నల్లగా, చిలుం వాసనతో దిగుతుంది, అది పెట్టొద్దు. తలసీమియా లాంటి జబ్బుతో ఒంట్లో ఇనుము పేరుకునేవాళ్ళు మాత్రం డాక్టర్ని అడిగి వాడాలి. బహ్రెయిన్‌లో ఈ రక్త సంబంధమైన జబ్బులు తక్కువేం కాదు.

మట్టికుండ కావాలంటే ఇక్కడ దూరం వెళ్ళనక్కర్లేదు. ఆలీ అనే ఊళ్ళో ఇప్పటికీ కుమ్మరులు సారె తిప్పుతున్నారు. పక్కనే నాలుగు వేల ఏళ్ళ నాటి దిల్మున్ సమాధుల దిబ్బలు. చాలా మంచి పని. కానీ రంగు, మెరుపు ఉన్న కుండలో వంట మాత్రం వద్దు. ఆ మెరుపులో సీసం కలిసి ఉండవచ్చు. మెరుపు లేని, రంగు వేయని కుండ పెరుగుకి స్వర్గం.

సీసం అన్నాను కదా. మొదట్లో చెప్పిన ఆ ఒక్క రకం ఇదే: ఎవరు చేశారో, ఏం కరిగించి పోశారో తెలియని గిన్నె.

అమెరికాలో సియాటిల్ ఉన్న కింగ్ కౌంటీ ఆరోగ్య శాఖవాళ్ళకి కొన్నేళ్ళ క్రితం ఒక చిక్కు ఎదురైంది. ఆఫ్ఘనిస్తాన్ నుంచి శరణార్థులుగా వచ్చిన పిల్లల రక్తంలో సీసం ఎక్కువగా కనిపించింది. ఇళ్ళకి వెళ్ళి చూస్తే సొంత దేశం నుంచి తెచ్చుకున్న అల్యూమినియం కుక్కర్లు, గిన్నెలు. పరీక్షిస్తే వాటి నుంచి సీసం దిగుతోంది. ఇత్తడి పాత్రలు కొన్నిటి నుంచి కూడా. స్టీలు గిన్నెల నుంచి దిగింది చాలా తక్కువ. ఆ పని ఫలితంగా వాషింగ్టన్ రాష్ట్రం 2024లో వంట పాత్రల్లో సీసం మీద చట్టమే చేసింది. అంతకుముందు 2017లో వచ్చిన మరో అధ్యయనంలో 10 దేశాల నుంచి 42 అల్యూమినియం పాత్రలు తెచ్చి, పలచని ఆమ్లం పోసి రెండు గంటలు కాచి చూశారు. 15 పాత్రల నుంచి ఒక్కో వడ్డనకి ఒక మైక్రోగ్రాము, అంతకు మించి సీసం దిగింది. కారణం అల్యూమినియం కాదు. పాత ఇంజిన్ ముక్కలు, బ్యాటరీలు, ఎలక్ట్రానిక్ చెత్త, ఏది దొరికితే అది కరిగించి పోతపోయడం.

2025 ఆగస్టులో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ దేశమంతటికీ ఒక హెచ్చరిక ఇచ్చింది. బయటి నుంచి వచ్చే ఇత్తడి, అల్యూమినియం, ఇంకా 'హిండాలియం', 'ఇండాలియం' అని పిలిచే మిశ్రమ లోహాల పాత్రలు కొన్నిటి నుంచి సీసం దిగుతోందని. ఇండాలియం! మన ఇళ్ళల్లో ఈ మాట తెలియనివాళ్ళున్నారా? బూరెలు వండినా, పులిహోర పోపు వేసినా ఇండాలియం మూకుడే. ప్రతి ఇండాలియం గిన్నెలోనూ సీసం ఉందని ఆ హెచ్చరిక చెప్పలేదు, నేనూ చెప్పడం లేదు. ఏ దాంట్లో ఉందో కంటితో చెప్పలేం, అదే సమస్య. సీసం దిగిన కూర రుచి మారదు, రంగు మారదు.

నాతో ఇంజినీరింగ్ చదివిన స్నేహితుడొకడు ఆ సియాటిల్ వైపే ఉంటాడు. వాళ్ళ ఏడాది పాపకి మామూలు రక్త పరీక్షలో సీసం కొంచెం ఎక్కువ వచ్చింది. అక్కడ 3.5 దాటితే పట్టించుకుంటారు. పసుపు ఎక్కడిది, కాటుక పెడుతున్నారా, గిన్నెలు ఎక్కడివి అని వరసగా అడిగారట. వాడు ఫోన్ చేసి, "ఒరేయ్, మా అమ్మ ఇచ్చిన కడాయిరా అది. అందులో సీసం ఏంట్రా?" అన్నాడు. అమ్మ ఇచ్చింది నిజమే, అమ్మకి అమ్మినవాడెవడో అమ్మకే తెలియదు. కడాయి అటకెక్కింది, పసుపు మారింది, కొన్ని నెలలకి పాప అంకె దిగింది. కడాయి వల్లే అని ఎవరూ తేల్చి చెప్పలేదు, చెప్పలేరు కూడా. అయితే సీసానికి ఇంత దాకా ఫరవాలేదు అన్న గీత లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పిల్లల మెదడు మీద అది చేసే పని వెనక్కి తీసుకోలేం. ఒక కడాయి కోసం ఆ పందెం ఎవరు కాస్తారు?

నేనుండే బుదైయాకి కాస్త దూరంలో బార్బార్ అనే ఊరుంది. అక్కడ దిల్మున్ నాటి గుడి శిథిలాలున్నాయి. 1950ల్లో డెన్మార్క్ పురావస్తు బృందం తవ్వితే అందమైన రాగి ఎద్దు తల దొరికింది, ఇప్పుడు మనామా మ్యూజియంలో ఉంది. ఆ కాలంలో రాగి వ్యాపారమంతా ఈ దీవి మీదుగానే. ఇక్కడి నుంచి రాగి తీసుకెళ్ళి ఇరాక్‌లోని ఊర్ నగరంలో అమ్మిన ఈయా నాసిర్ అనే వ్యాపారి మీద, "మంచి సరుకిస్తానని నాసిరకం ఇచ్చావు" అని నన్నీ అనే కొనుగోలుదారు మట్టి పలక మీద రాసిన ఫిర్యాదు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. సుమారు 3,750 ఏళ్ళ నాటిది. లోహం కొనేవాడి బాధ అంత పాతది. నన్నీకి ఉన్న సౌకర్యం ఏమిటంటే, అమ్మినవాడి పేరు అతనికి తెలుసు. మన కడాయి మీద ఆ పేరు ఉందా?

ఈ విషయంలో ఇండియాలో ఒక మంచి మార్పు వచ్చింది. 2024 మార్చిలో ఇచ్చిన ఉత్తర్వుతో స్టీలు, అల్యూమినియం వంట పాత్రలకి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి చేశారు. ఊరెళ్ళినప్పుడు గిన్నె తిరగేసి ఆ గుర్తు, కింద లైసెన్స్ నంబరు చూడండి. తూకానికి అమ్మే, పేరు లేని పోత గిన్నె ఎంత బరువుగా, ఎంత "పాతకాలం నాటిది"గా కనిపించినా వదిలేయండి. సత్తు గిన్నె మోజుపడేవాళ్ళు ఇంకా జాగ్రత్త. చారుకి వాడేది తగరం, కొన్నిచోట్ల సత్తు అంటే అల్యూమినియమే. తగరం ఖరీదైనది, సీసం చవక, రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. కలిపే ఆశ అమ్మేవాడికి ఎప్పుడూ ఉంటుంది.

కాబట్టి నా వరుస గిన్నెలకి ర్యాంకులిచ్చేది కాదు, ఏది ముందు మార్చాలో చెప్పేది. మొదట పుట్టుపూర్వోత్తరాలు తెలియని పోత అల్యూమినియం, ఇండాలియం, ఇత్తడి గిన్నెలు. ఇంట్లో పసిపిల్లలో, కడుపుతో ఉన్నవాళ్ళో ఉంటే ఇవాళే. తర్వాత పూత లేచిన నాన్‌స్టిక్. ఆ తర్వాత పులుసు, చారు, సాంబారు, టమాటా పచ్చడి అల్యూమినియం నుంచి స్టీలుకి మార్చడం. దీనికి కొత్తగా కొనాల్సింది ఒక్క గిన్నె. మిగతావి ఉన్నచోటే ఉండనివ్వండి. వెయ్యి భయాలు చెప్పి పదింతల ధరకి అమ్మే 'విషరహిత' సెట్టు కొనే పని లేదు.

చివరగా అసలు నన్ను కుదురుగా ఉండనివ్వని విషయం. ఈ జాగ్రత్తలన్నీ నాలాంటివాళ్ళం చదువుకుంటాం, నాలాంటివాళ్ళమే రాసుకుంటాం. కానీ ఇదే దీవిలో లేబర్ క్యాంపుల్లో మా శ్రీకాకుళం వాళ్ళు, నిజామాబాద్, కరీంనగర్, కడప వాళ్ళు ఒక్కో గదిలో ఆరుగురు, ఎనిమిదిమంది ఉంటారు. వాళ్ళకి ఉన్నది ఒకటే పెద్ద అల్యూమినియం డేగిసా. రాత్రి షిఫ్ట్ నుంచి వచ్చినవాడు వండితే పొద్దున వెళ్ళేవాడు తింటాడు. వండేది ఎక్కువగా పులుసే, ఎందుకంటే పులుసు పాడవదు. పులుపు, ఉప్పు, వేడి, సమయం, నాలుగూ ఆ గిన్నెలోనే ఉన్నాయి. గది ఖాళీ చేసేటప్పుడు ఆ డేగిసా తర్వాత వచ్చినవాడికి వెళుతుంది, ఎక్కడ కొన్నారో ఎవరికీ గుర్తుండదు. ఎవరికి ఏ గిన్నె కావాలో అక్కడ అడిగేవాడు లేడు.

వాళ్ళకి పట్టికలు పంపొద్దు. పండక్కి క్యాంపుకి బట్టలో, స్వీట్లో తీసుకెళ్ళే తెలుగువాళ్ళు చాలామందే ఉన్నారు. ఈసారి గదికొక పెద్ద స్టీలు గిన్నె, మూతతో సహా, తీసుకెళ్ళండి. కొద్ది దినార్ల పని. ఇస్తూ ఒక్క మాట చెబితే చాలు: "అన్నం దేంట్లో వండుకున్నా సరే అన్నా, పులుసు మాత్రం ఇందులో పెట్టండి."